నల్లబొట్టులో బొటనవేలు

"వదినా, ఇంకా ఎంతసేపు వెతుకుతారు? ఇది పది అడుగుల గది, అడవేం కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే నిలబడి.

డిటెక్టివ్ మోకాళ్ళు పీకుతున్నా బల్ల కింద వంగి టార్చి వేసి చూస్తూనే ఉంది. ఆమె భర్త బతికున్న రోజుల్లో ఈ మరిది ఆమె దగ్గరే కూర్చుని డిపార్ట్‌మెంటు పరీక్షలకి చదువుకున్నాడు. భుజం మీదికి నక్షత్రాలు వచ్చాక, వదిన చేసే ప్రైవేటు డిటెక్టివ్ పని అతనికి పెద్ద తలనొప్పిగా తయారైంది. ఆమెకి మాత్రం అతన్ని చూస్తే కోపం కన్నా దిగులే ఎక్కువ. తెలివైనవాడే, కానీ ఫైలు మూసెయ్యాలన్న తొందర పుడితే ఎదురుగా ఉన్నది కూడా కనిపించదు.

"ఆస్పత్రి దగ్గర కానిస్టేబుల్‌ని ఎప్పుడు తీసేస్తున్నావు?" అంది బల్ల కింద నుంచే.

"సాయంత్రం ఆరింటికి. యాక్సిడెంటు కేసుకి కాపలా ఎందుకండీ? నాకున్నదే గుప్పెడు మంది."

"పిల్లకి తెలివి రాకుండానే?"

"వచ్చాక ఆ పిల్లే చెబుతుంది, షాక్ కొట్టి పడ్డానని."

ఆ పిల్ల ఈ ఇంటి ఒక్కగానొక్క కూతురు. మూడు రోజులుగా తలకి కట్టుతో కళ్ళు తెరవకుండా ఆస్పత్రి మంచం మీద ఉంది. ఎవరూ పట్టించుకోని విషయం మీద పుస్తకం రాస్తోంది. ముప్ఫై ఏళ్ళ కిందట వీధి షాపుల్లో చవగ్గా అమ్మిన దొంగ వీడియో గేమ్ డబ్బాల చరిత్ర అది. పేరున్న కంపెనీల మాలు చూసి నకలు కొట్టిన డబ్బాలు. మూత మీద వెయ్యి ఆటలని అచ్చేసి ఉండేది, లోపల చూస్తే పది ఆటలే తిరిగి తిరిగి వచ్చేవి. వాటితో ఆడుకోని పిల్లలు లేరు. వాటిని ఎవరు చేశారో, ఎక్కడ కూర్చుని చేశారో మాత్రం ఒక్కరికీ తెలియదు. ఆ తెలియనిదాని వెంటే పడింది పిల్ల. గది నాలుగు గోడలా అరల నిండా అవే డబ్బాలు, వాటి క్యాసెట్లు, తీగల చుట్టలు.

మూడు రోజుల కిందట సాయంత్రం నాలుగింటికి తల్లి ఆఫీసు నుంచి వచ్చేసరికి, మూలనున్న పాత డబ్బా టీవీ వెనక పిల్ల పడి ఉంది. టీవీ వెనక మూత ఊడదీసి ఉంది. పిల్ల తల వెనక భాగం పగిలి నెత్తురు గడ్డ కట్టింది. టీవీ విప్పుతుంటే, ప్లగ్గు తీసినా లోపల నిలవుండే కరెంటు షాక్ కొట్టింది, విరుచుకుపడింది, బల్ల అంచు తగిలింది అని పోలీసులు ఒక్క పూటలో తేల్చేశారు. తల్లి నమ్మలేదు. నమ్మకపోబట్టే డిటెక్టివ్ ఈ గదిలో ఉంది.

"వాళ్ళమ్మ ఏం చెప్పిందో విన్నావా?" అంటూ డిటెక్టివ్ నడుం పట్టుకుని లేచింది. "పాత టీవీల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఈ పిల్ల ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకునేదట. కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి, గుండె మీదుగా పోకుండా. ప్లగ్గు తీయకుండా స్క్రూ కూడా ముట్టుకోదట. అంత భయస్తురాలు."

"ఎంత భయస్తులైనా ఒక రోజు ఏమరుపాటుగా ఉంటారు."

"వేళ్ళ మీద కాలిన మచ్చ ఉందా?"

"లేదు. అన్ని షాకులకీ మచ్చ పడదని డాక్టరే చెప్పాడు. వదినా, నా మీద మీకున్న అనుమానం ఆ డాక్టరు మీద కూడా ఉందా?"

ఆమె బల్ల మీదికి వంగింది. అక్కడ విప్పిన డబ్బా ఒకటి, దాని లోపలి పచ్చ సర్క్యూట్ పలక, పైన భూతద్దం ఉన్నాయి. పక్కన వీడియో గేమ్ తుపాకీ. దాని తీగ ఇంకో డబ్బాకి, ఆ డబ్బా తీగ గోడకున్న పల్చటి కొత్త టీవీకి తగిలించి ఉన్నాయి. పాత టీవీకి ఏ తీగా లేదు.

"ఆరోజు పిల్లని ఆఖరుగా చూసింది మేనమామే కదూ? ఏమన్నాడో ఇంకోసారి చదువు."

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా ఫోన్ తీసి చదివాడు. "'మధ్యాహ్నం పన్నెండున్నరకి అటుగా పోతూ లోపలికి వచ్చాను. మేనకోడలు తుపాకీతో పిట్టల్ని కొట్టే ఆట ఆడుతోంది. మామయ్యా, ఒక్కటీ తప్పిపోలేదు చూడు, అంది. రెండు నిమిషాలు నిలబడి చూసి నా షాపుకి వెళ్ళిపోయాను. నాకు ఈ ఆటల గొడవ తెలియదు.' చాలా? ఆయన వెళ్ళాక పిల్ల ఆట ఆపి పాత టీవీ విప్పింది. కథ కంచికి."

మేనమామకి ఫోటోస్టాట్ షాపు ఉంది. ఆ మూడు రోజులూ అక్కని కనిపెట్టుకుని ఆస్పత్రిలోనే ఉన్నాడు. నెమ్మదైన మనిషి. పొద్దున డిటెక్టివ్ వెళ్ళినప్పుడు అడగకుండానే కాగితం గ్లాసులో టీ తెచ్చి చేతికిచ్చాడు. ఎవరి చేతులు కనబడినా చూడటం ఆమెకి పాత అలవాటు. అతని కుడి బొటనవేలికి అడ్డంగా లోతైన గాటు ఒకటి కనిపించింది. ఆమె చూపు గమనించి, "షాపులో పేపర్ కట్టర్ పుణ్యమండీ," అని తనే చెప్పాడు. అంత ఇబ్బందిలోనూ పలకరింపుగా నవ్వాడని ఆమె లోపల మెచ్చుకుంది కూడా.

ఇప్పుడామె భూతద్దం కిందనున్న పలకనే చూస్తోంది. దాని మధ్యలో గుండ్రంగా నల్లటి బొట్టు ఉంది. అసలు చిప్పు ఆ బొట్టు కింద ఉంటుంది. బొట్టు పైభాగమంతా మాడి గుంటలు పడింది. పక్కనే స్టాండులో తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్. దాని మొన మీద నల్లటి పొక్కు కట్టి ఉంది.

"ఇది చూడు. పిల్ల ఐరన్ వాడిన ప్రతిసారీ మొనని తడి స్పాంజికి తుడిచి పెడుతుందట. వాళ్ళమ్మ వంటగదిలో గిన్నెలు తోముకునే స్పాంజి కూడా ఎత్తుకుపోయేదని దెబ్బలాడేదట. ఈ మొన ఎవరూ తుడవలేదు. ఆఖరుగా దీన్ని పట్టుకుంది ఆ పిల్ల కాదు."

"అంటే?"

"ఈ బొట్టుని ఎవరో కావాలని కాల్చారు."

"ఒక చవక బొమ్మ లోపలి జిగురుని కాల్చడానికి హంతకుడు ఇంట్లోకి వచ్చాడు," ఇన్‌స్పెక్టర్ తాపీగా అన్నాడు. "ఇదే రాసి పైకి పంపమంటారా? నన్ను చూసి స్టేషనంతా నవ్వుతుంది."

"నవ్వనీ. కానిస్టేబుల్‌ని మాత్రం తియ్యకు."

"ఆధారం చూపించండి, తియ్యను. ఆరింటి లోపల." టోపీ సర్దుకుని రెండు అడుగులు వేసి ఆగాడు. "అన్నయ్య ఉంటే ఆయనా ఇదే అనేవాడు వదినా."

అన్నయ్య ఉంటే ఈపాటికి బల్ల కింద ఆయనే ఉండేవాడు. ఆ మాట ఆమె పైకి అనలేదు. అరలోంచి విప్పని డబ్బా ఒకటి తీసి సంచిలో వేసుకుంది. ఆరింటి తరవాత ఆ పిల్ల తలుపు దగ్గర ఎవరూ ఉండరు. బొట్టు కాల్చినవాడికి ఆ సంగతి తెలిస్తే వాడు మళ్ళీ వస్తాడు.

*

పిల్ల ఫోనులో ఆ వారమంతా ఎక్కువసార్లు కనబడిన నంబరు మ్యూజియమాయనది. మ్యూజియం అంటే పాత మేడ మీద రెండు గదులు. అద్దాల బీరువాల్లో ఆట డబ్బాలు. తలుపు పక్కన ఆయన నిలువెత్తు ఫోటో, కింద పెద్ద అక్షరాలతో ఒక మాట: ఇక్కడ తొలి వీడియో గేమ్ ఈ చేతులతోనే తయారైంది. ఫోటోలో చేతులు నడుం మీద ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషి చేతులు మాత్రం కుర్చీలో కుదురుగా నిలవడం లేదు.

"ఆ పిల్లకి ఎలా ఉందండీ?" అన్నాడు.

"అలాగే ఉంది. ఆ బోర్డు మీద రాసింది నిజమేనా?"

"నిజమేనండీ. పేపర్లలో కూడా వేశారు. అప్పట్లో ఊరి చివర షెడ్డులో చేసేవాళ్ళం."

"తరవాత కాలిపోయిన షెడ్డేనా? పిల్ల దాచిన పాత పేపరు ముక్కల్లో చదివాను."

"అదే. పాపం, చాలా ఘోరం."

"షెడ్డు మీదే?"

"మరి ఎవరిదండీ?"

"అయితే బయట నుంచి షట్టర్‌కి తాళం వేసింది కూడా మీరే అన్నమాట," అంది డిటెక్టివ్ మామూలుగా. "నలుగురు ఆడవాళ్ళు లోపల ఉండగా."

ఆమె సంచిలోంచి వేలిముద్రలు తీసే సిరా పట్టీ, తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"మూడు రోజుల కిందట మధ్యాహ్నం మీరెక్కడున్నారు? ఆ పిల్ల మీ గుట్టు కనిపెట్టిందా?"

"ఆ వేళ ఇక్కడ ఇరవై మంది స్కూలు పిల్లలున్నారండీ, వాళ్ళ టీచర్నే అడగండి." మ్యూజియమాయన సిరా పట్టీని వెనక్కి నెట్టాడు. "ఆ షెడ్డు నాది కాదు. నేనొక్క డబ్బా కూడా చెయ్యలేదు. నేను అమ్మేవాణ్ణి. సందులో చిన్న కొట్టు. మాలు మూటల్లో వచ్చి పడేది, ఎవరు పంపేవాళ్ళో మాకు తెలియదు. ఇరవై ఏళ్ళు పోయాక ఎవరూ అడగడానికి లేరు కదా అని గొప్పకి చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా బోర్డు కూడా పెట్టేశాను. నా ఖర్మ."

"పిల్లకి తెలుసా ఈ సంగతి?"

"మొదటి రోజే పట్టేసింది. పరువు తియ్యలేదు, తిట్టనూ లేదు. మీరు చెయ్యలేదని నాకు తెలుసు అంకుల్, ఎవరు చేశారో వెతకడానికి సాయం చెయ్యండి, అంది." కళ్ళు తుడుచుకున్నాడు. "షెడ్డులో పని చేసినవాళ్ళలో ఒకావిడ ఇంకా బతికుంది. ఆ రోజు జ్వరమొచ్చి పనికి పోలేదు. ఆవిణ్ణి వెతికి పట్టుకుంది ఆ పిల్ల. ఓనరు పేరు ఆవిడకీ తెలియదు. అందరూ సారు అనేవాళ్ళట. ఎవరినీ నమ్మేవాడు కాదట. మాలు బయటికి పోతుందని పనివాళ్ళని లోపల పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయేవాడు. ఆ రోజూ అలాగే పోయాడు."

కింద వీధిలో ఏదో బండి హారన్ ఆగకుండా మోగి ఆగింది.

"ఈ నల్లబొట్టు ఏమిటి?" డిటెక్టివ్ తను తెచ్చిన డబ్బాని ముందుకు జరిపింది. "పిల్ల గదిలో ఒకదాన్ని ఎవరో కాల్చేశారు."

మ్యూజియమాయన ఉలిక్కిపడ్డాడు. చకచకా నాలుగు స్క్రూలు విప్పి లోపలి పలక బయటికి తీశాడు. భూతద్దం తెచ్చి దాని మీద పెట్టాడు. ఈ పని చేస్తున్నప్పుడు చేతులు వణకలేదు.

"చిప్పు మీద కంపెనీ పేరుంటుందండీ. నకలు మాలు వాళ్ళు ముందు ఆ పేరు గీకేస్తారు. తరవాత పైన ఈ నల్లటి జిగురు పోస్తారు, ఎవరూ విప్పి చూడకుండా. డబ్బా మీద పేరు ఉండకూడదు, అడ్రసు ఉండకూడదు, సీలు ఉండకూడదు. మరి ఏ పీసు చెక్ చేశారో, ఏది చెయ్యలేదో ఎలా తెలుస్తుంది? ఈ షెడ్డు సారు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చెక్ చేసేది ఆయనొక్కడే. పని చేస్తోందని చూసుకున్నాక, జిగురు పూర్తిగా గట్టిపడకముందు తడి బొటనవేలుతో ఒక్క నొక్కు నొక్కేవాడు. మా కొట్టులో దీన్ని వేలిముద్ర మాలు అనేవాళ్ళం. ముద్ర లేని పీసు అయితే తిప్పి పంపేవాళ్ళం. అదిగో, చూడండి."

ఆమె అద్దంలోకి వంగింది. నల్లటి బొట్టులో కాస్త పల్లంగా ఒక వేలి అచ్చు. సన్నటి గీతలు ముప్ఫై ఏళ్ళయినా చెక్కుచెదరలేదు. అన్ని పేర్లూ గీకించిన మనిషి తన వేలు మాత్రం ప్రతి డబ్బాలోనూ వదిలిపెట్టి పోయాడు. అలవాటైన పనిలో ఆ ఒక్కటీ అతనికి తోచి ఉండదు.

అచ్చు మీద గీతల్ని తెంపుతూ అడ్డంగా ఒక గాటు ఉంది.

"మీ చెయ్యి ఇటివ్వండి," అంది డిటెక్టివ్.

ఆయన రెండు బొటనవేళ్ళూ చాపాడు. నున్నగా ఉన్నాయి. సిరా పట్టీ అవసరం లేకపోయింది. ఆ గాటు ఎక్కడ చూసిందో ఆమె మనసుకి తెలుసు, ఒప్పుకోవడానికే మొరాయిస్తోంది. గాట్లు చాలామందికి ఉంటాయి, తొందరపడకూడదు, అని తనకి తనే చెప్పుకుంది.

"పిల్ల మీకు ఆఖరుగా ఎప్పుడు ఫోన్ చేసింది?"

"ఆ రోజు పొద్దున్నే. రాత్రంతా ఏడ్చినట్టుంది గొంతు. 'ఆ వేలు ఎవరిదో నాకు తెలిసిపోయింది అంకుల్. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే నడిచాను. ముందు ఆయన్నే అడుగుతాను. ఆయన నోటితో ఆయనే చెబితే బాగుంటుంది' అంది. పోలీసులకి చెప్పమన్నాను. ఒక్క అవకాశం ఇస్తాను అంది." ఆయన తల దించుకున్నాడు. "నేను చెబుదామనే అనుకున్నానండీ. చెబితే నా బోర్డు సంగతి బయటపడుతుందని నోరు మూసుకున్నాను. టీవీ షాక్ అని పేపర్లో చూశాక కూడా మూసుకునే ఉన్నాను. ఆ టీవీకి షాక్ కొట్టే ఓపిక లేదని తెలిసి కూడా."

"ఏమన్నారు?"

ఆయన లేచి కిటికీ పక్క బల్ల మీంచి ఒక వస్తువు తెచ్చాడు. తీగ తోకతో నల్లటి బరువైన ముద్ద. "పాత టీవీలో తెరకి కావలసిన పెద్ద వోల్టేజీ అంతా పుట్టేది దీంట్లోనేనండీ. ఆ పిల్ల టీవీలో ఇది మాడిపోయి మూడు వారాలైంది. తనే విప్పి, ఇలాంటిది ఇంకోటి వెతికి పెట్టమని నాకిచ్చింది. అప్పటి నుంచి ఆ టీవీ మూత తీసే ఉంది. ప్లగ్గు కూడా తీసేసి పక్కన పెట్టానంది. అది ఇప్పుడు ఖాళీ డొక్కు."

"అందుకని ఆటలు కొత్త టీవీలో ఆడుతోందా?"

"మామూలు ఆటలు ఆడొచ్చండీ. తుపాకీ ఆట మాత్రం కుదరదు. ఆ తుపాకీ కన్ను పాత డబ్బా టీవీ వెలుగునే పట్టుకుంటుంది. కొత్త టీవీ ముందు ఎంత నొక్కినా ఒక్క పిట్ట రాలదు. అందుకేగా తుపాకీలు పరీక్ష చెయ్యాలంటే మూడు వారాలుగా ఇక్కడికి వస్తోంది."

డిటెక్టివ్ కుర్చీలోంచి లేచింది.

ఒక్కటీ తప్పిపోలేదు చూడు, అందట మేనకోడలు. రెండు నిమిషాలు నిలబడి చూశాడట మేనమామ. ఆ గదిలో ఆ మధ్యాహ్నం ఒక్క పిట్టని కొట్టడం కూడా ఎవరి తరమూ కాదు. ఆటల గొడవ తెలియని మనిషైతే పిల్ల ఏదో ఆడుకుంటోందని చెప్పి ఊరుకునేవాడు. ఇతను తుపాకీని చూశాడు, మూలనున్న డబ్బా టీవీని చూశాడు. ఈ రెండూ జత అని ఒకప్పుడు వేల డబ్బాలు అమ్మిన బుర్రకి బాగా తెలుసు. అబద్ధం నిజంలా ఉండాలని పిట్టల్ని కూడా చేర్చాడు. టీవీ లోపల ఖాళీ అని మాత్రం వంగి చూడలేదు. పిల్ల తనకి చూపించిన ఒక్క బొట్టుని కాల్చాడు, అరల్లోని మిగతా డబ్బాలన్నీ విప్పే వ్యవధి అతనికి దొరకలేదు.

పేపర్ కట్టర్ పుణ్యమండీ, అన్నాడు పొద్దున. ఫోటోస్టాట్ షాపు పెట్టి ఎన్నాళ్ళయిందో తల్లి ఆ మొదటి రోజే మాటల్లో చెప్పింది. పన్నెండేళ్ళు. ఈ బొట్టులో గాటుకి ముప్ఫై ఏళ్ళు.

ఫోన్ తీసి మరిదికి చేసింది. గడియారంలో ఆరుకి ఇంకా పావుగంట ఉంది.

"వదినా, ఇప్పుడే మీ గురించే..."

"కానిస్టేబుల్‌ని అక్కడే ఉండమను. మేనమామని గదిలోంచి బయటికి పంపించమను. ముందు ఆ పని చెయ్యి, తరవాత తిట్టుకో."

"కానిస్టేబుల్ వెళ్ళిపోయాడు వదినా. అరగంటైంది. ఆ మేనమామే నాకు ఫోన్ చేశాడు. మూడు రోజులుగా పాపం ఆ కుర్రాడు నిలబడే ఉన్నాడు, ఇంటికి పంపండి సార్, నేనున్నానుగా, అన్నాడు. మంచి మనిషి అనుకుని..." మాట తెగింది. మళ్ళీ వచ్చిన గొంతులో ఇన్‌స్పెక్టర్ లేడు, ఆమె దగ్గర పాఠాలు చదువుకున్న కుర్రాడే ఉన్నాడు. "ఆయనేనా వదినా?"

"ఆయనే. ఆస్పత్రికి ఫోన్ కొట్టు. బయల్దేరు."

మెట్లు దిగుతూనే పిల్ల తల్లికి చేసింది. ఆవిడ గొంతులో మూడు రోజులుగా లేని ఉత్సాహం.

"మీకే చేద్దామనుకుంటున్నానండీ. నేను ఇంటి దగ్గరున్నాను. స్నానం చేసి కాసేపు పడుకోమని మా తమ్ముడు బలవంతంగా పంపించాడు. ఇంటికొచ్చానో లేదో వాడే ఫోన్ చేశాడు. పిల్ల కళ్ళు తెరిచిందట. మామయ్యా అని పిలిచిందట. ఇంక నాకు భయం లేదండీ."

"గదిలో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరండీ. నర్సులు ఊరికే వచ్చి పిల్లని విసిగిస్తున్నారని లోపల గడియ వేసుకున్నాడట. వాడికి అదంటే ప్రాణం. దానికి నడక నేర్పింది వాడేనండీ."

ముప్ఫై ఏళ్ళ కిందట అతను తలుపు బయట ఉండి తాళం వేశాడు. ఈసారి లోపల ఉన్నాడు. ఈ తల్లికి ఇప్పుడు నిజం చెబితే ఆవిడ అక్కడే కూలిపోతుంది, చెప్పకపోతే పిల్ల దక్కదు. డిటెక్టివ్ రోడ్డు మీదికి పరుగెత్తి చెయ్యి అడ్డం పెట్టి ఒక బండిని ఆపింది.

"అమ్మా, నేను చెప్పినట్టు చెయ్యండి. ఎందుకని అడక్కండి. ఇప్పుడే మీ తమ్ముడికి ఫోన్ చేసి మాట్లాడుతూనే ఉండండి. ఏదో ఒకటి. మీ చిన్నప్పటి సంగతులు, పిల్ల చిన్నప్పటి సంగతులు. ఫోన్ పెట్టెయ్యనివ్వకండి. పిల్ల గొంతు వినిపించమనండి."

"ఏమైందండీ? అలా అంటున్నారేమిటి?"

"చెయ్యండమ్మా."

బండి కదిలింది. ఆమె ఫోన్ని రెండు చేతులా పట్టుకుని దాని తెర వంకే చూస్తూ కూర్చుంది. రెండో మలుపు దగ్గర అది మోగింది. తల్లి గొంతులో ఇందాకటి ఉత్సాహం లేదు.

"నాలుగుసార్లు చేశానండీ," అంది ఆవిడ. "వాడు ఎత్తట్లేదు."